పరాయి నోట సొంత మాట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



సంఘం కార్యదర్శి నాకు ఫోను చేసి, "నువ్వు ఇన్నేళ్లు గ్యాసు ప్లాంట్లలో తిరిగినవాడివి, పిల్లలకి పనికొచ్చేలా ఇంజినీరింగులో అవకాశాల గురించి ఒక అరగంట మాట్లాడు" అన్నాడు. వాడు నా క్లాసువాడే, కాదనే చనువుంది. అవకాశాల సంగతి పిల్లలకి నాకన్నా బాగా తెలుసు, వాళ్ల ఫోనుల్లోనే ఉంది. నేను ఉజ్బెక్ కవిత్వం గురించి మాట్లాడతానన్నాను. కాసేపు లైన్లో చప్పుడు లేదు. తరవాత, "సరే, భోజనాల ముందు పెడతాను. అప్పుడైతే సాగదీయవు" అన్నాడు. కాబట్టి సాంబారు వాసన వచ్చేదాకా నాకు టైముంది.

ఉజ్బెకిస్తాన్ అంటే మనకి తెలిసింది తాష్కెంట్. తాష్కెంట్ అంటే 1966 జనవరి, లాల్ బహదూర్ శాస్త్రిగారు. బాబరు పుట్టిన అందిజాన్ కూడా ఆ దేశంలోదేనని మన సోషల్ క్లాసులో చెప్పినట్టు నాకు గుర్తు లేదు. చెప్పే ఉంటారు, నేను వెనక బెంచీలో ఉండి ఉంటాను. 2018లో అక్కడ దక్షిణాన కర్షి అనే ఊరికి దగ్గరలో ఒక గ్యాస్ ప్లాంటు పనికి నన్ను పంపారు. రెండు చలికాలాలు గడిపాను. పత్తి చేలు, అవి దాటితే బీడు నేల, మధ్యలో మా పైపులు.

మా ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ ఒకాయన నాకన్నా నాలుగేళ్లు పెద్ద. పెద్దవాళ్లని వాళ్లు "అకా" అంటారు, మన "అన్నా" లాగా. ఒక అక్టోబరు రాత్రి ఒక లైనుకి హైడ్రోటెస్ట్ పెట్టాం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: పైపులో నీళ్లు నింపి, ప్రెషరు ఎక్కించి, గేజి ముల్లు కిందికి జారకుండా నిలబడిందా లేదా అని గంటల తరబడి చూస్తూ కూర్చోవడం. మా వృత్తిలో ఇంత తీరిక ఇచ్చే పని ఇంకోటి లేదు. అకా ఫ్లాస్కులోంచి పచ్చ టీ పోసి, ముల్లు మీంచి చూపు తియ్యకుండా గొణగడం మొదలెట్టాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకున్నాను. కాదు, కవిత్వం. పావుగంట ఆగకుండా చదివాడు. ఆయనది మన ఐటీఐ లాంటి చదువు. ఆపి నా వైపు తిరిగి, "ఇప్పుడు మీది" అన్నాడు.

సిగ్గుపడుతూ చెబుతున్నాను, నోటికి వచ్చింది ఒక్క వేమన పద్యం. అదే చదివాను. అకా చేతి వేళ్లు మడుస్తూ విన్నాడు. రెండోసారి చదవమన్నాడు, మళ్లీ వేళ్లు మడిచాడు. ఒక పాదానికి ఒక లెక్క వస్తోంది, ఇంకో పాదానికి ఇంకో లెక్క వస్తోంది, ఇదెలా పద్యం అన్నాడు. అప్పుడు టెస్ట్ ప్యాక్ కాగితం వెనక గురువు గుర్తు, లఘువు గుర్తు వేసి చూపించాను. నలభై ఏళ్ల కింద ఈ గదుల్లోనే, బెత్తం భయంతో వేసిన గుర్తులు. ఆయన ఆ కాగితం చూసి "అరూజ్!" అని అరిచాడు. మా క్రేన్ ఆపరేటరు ఏదో లీకయిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఆ రాత్రి మొదలు ఆయన నాకు పాఠం చెప్పాడు, వారానికి రెండు మూడు సాయంత్రాలు. ఆయన రష్యన్, నా ఇంగ్లీషు, మధ్యలో ఒక నూరు ఉజ్బెక్ మాటలు. అందులో కొన్ని నాకు ముందే వచ్చు. కలం అంటే వాళ్లకీ కలమే. బజారు బజారే. కాగితాన్ని కొంచెం గొంతులోంచి అంటారు, అంతే. అన్నీ పారశీకం, అరబీ ఇద్దరికీ పంచిపెట్టినవే. తరవాత నేను ఇంగ్లీషులో దొరికినవి చదివాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ పాఠాల సారం. నేను పండితుణ్ణి కాను, తప్పులుంటే నావి.

అరూజ్ అంటే పొడుగు అక్షరం, పొట్టి అక్షరం వరసగా పేర్చే ఛందస్సు. అరబ్బులది, పారశీకం మీదుగా మధ్య ఆసియాకి వచ్చింది. మన గురులఘువుల్లాంటిదే. ఒక్కటే చిక్కు: టర్కిక్ భాషల్లో, అంటే ఉజ్బెక్ కుటుంబంలో, మనకున్నట్టు దీర్ఘాలు, హ్రస్వాలు అన్న తేడా పెద్దగా లేదు. కాబట్టి పొట్టి అక్షరాన్ని సాగదీసి పొడుగు చేసుకుని నెట్టుకొచ్చారు. అయిదారు వందల ఏళ్లు అలాగే అద్భుతమైన కవిత్వం రాశారు. వాళ్ల మహాకవి అలీషేర్ నవాయీ, 1441లో హెరాత్‌లో పుట్టినవాడు, పారశీకమే కవిత్వ భాష అని అందరూ అనుకునే రోజుల్లో తన తుర్కీ భాషలో రాశాడు. 1499లో ఆ రెండు భాషలనీ పోల్చి, తన భాష ఎందులోనూ తీసిపోదని ఒక గ్రంథమే రాశాడు. మన కృష్ణదేవరాయలు గద్దెనెక్కడానికి పదేళ్ల ముందు మాట ఇది. కానీ తన భాష గొప్పదని వాదించిన ఆ నవాయీయే అరూజ్ మీద లక్షణ గ్రంథం కూడా రాశాడు. అంటే ఇవాళ వాళ్లు సంప్రదాయం అని దండం పెట్టేది కూడా ఒకప్పుడు బయటినుంచి వచ్చిందే. మన వృత్తాలూ సంస్కృతం నుంచి వచ్చినవే కదా.

వాళ్ల సొంత లెక్క వేళ్ల లెక్క. పాదానికి ఇన్ని అక్షరాలు అని వేళ్ల మీద లెక్కపెట్టడం. దాని పేరే "బర్మాక్", వేలు అని అర్థం. జానపద పాటలన్నీ అందులోనే ఉన్నాయి. అకా వేళ్లు మడిచింది అందుకే. 1910ల తరవాత కొత్త కవులు అరూజ్ వదిలి ఈ వేళ్ల లెక్కకి తిరిగి వచ్చారు. తమాషా ఏమిటంటే, ఇంటికి తిరిగి రావాలన్న ఆలోచన కూడా పొరుగువాళ్లని చూసి తెచ్చుకున్నదే. ఆ రోజుల్లో ఇస్తాంబుల్ కవులు అదే పని చేస్తున్నారు. బుఖారా నుంచి ఇస్తాంబుల్ వెళ్లి 1909 నుంచి 1914 దాకా అక్కడ చదువుకున్న అబ్దురవూఫ్ ఫిత్రత్ ఆ గాలి మోసుకొచ్చినవాళ్లలో ఒకడు.

ఈ ఫిత్రత్ దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ మనం వస్తాం. ఇస్తాంబుల్‌లో ఉండగా ఆయన పారశీకంలో ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక హిందుస్తానీ యాత్రికుడు బుఖారా వచ్చి, అక్కడి మురికి వీధులు, చదువుల తీరు, వైద్యం, అధికారుల పద్ధతి చూసి తన అభిప్రాయాలు చెబుతాడు. యాత్రికుడు కల్పితం, బుఖారా మాత్రం నిజం. అమీరు పాలనలో ఒక బుఖారావాడు ఆ మాటలనడం అంత తేలిక కాదు. మనవాడి నోట పెడితే సరిపోయింది. తరవాత రష్యాలో విప్లవం వచ్చింది, ఆశలు లేచాయి, కొన్ని వాడిపోయాయి. ఫిత్రత్ రెండు నాటకాలు రాశాడు, రెండూ ఇండియాలోనే జరుగుతాయి. 1923లో బెర్లిన్‌లో అచ్చయిన రెండోదాని పేరు "భారత విప్లవకారులు" అని చెప్పుకోవచ్చు. అందులో ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడే మన కుర్రవాళ్లు, వాళ్ల ప్రేమలు. తాష్కెంట్‌లో ఆ నాటకం చూసినవాడు "ఇంగ్లీషువాడు" అన్నచోట మనసులో ఎవరిని పెట్టుకుని ఉంటాడో ఆలోచించండి. రాసింది మన దేశం గురించే, సందేహం లేదు. కానీ చదివినవాళ్లకి అది తమ దేశమే. నా అభిప్రాయం ఇది; అకా ఇంకా గట్టిగా అన్నాడు.

ఇక చోల్పాన్. అసలు పేరు అబ్దుల్ హమీద్ సులేమాన్. చోల్పాన్ అంటే వేగుచుక్క, ఆయన కలం పేరు. పుట్టింది బాబరు పుట్టిన అందిజాన్‌లోనే. 1922లో మొదటి సంపుటం, పేరు "మేల్కొలుపు". తరవాత 1924లో ఒకటి, 1926లో ఒకటి. ఆధునిక ఉజ్బెక్ కవిత్వం ఈయనతో మొదలవుతుందని చాలామంది అంటారు. 1925లో ఈయన ఒక వ్యాసం రాశాడు. దాని పేరుకి అర్థం "గొప్ప హిందుస్తానీ". ఎవరి గురించో ఊహించే ఉంటారు, మన టాగోర్ గురించి. అందులో చోల్పాన్ ఒక ధైర్యమైన మాట అన్నాడు: నవాయీ మొదలుకుని మా పాత మహాకవుల్ని చదువుతుంటే అంతా ఒకలాగే ఉంది, నా మనసు ఇంకేదో కొత్తది వెతుకుతోంది అని. ఆ కొత్తది ఆయనకి టాగోర్ దగ్గర కనిపించింది. చూడండి, మనం అదే రోజుల్లో టాగోర్‌ని ఇంగ్లీషులోంచి తెచ్చుకుంటున్నాం. తరవాత చలంగారు కూడా గీతాంజలిని తెలుగు చేశారు. వాళ్లకి రష్యన్ ఎలాగో మనకి ఇంగ్లీషు అలాగ. ఒక వోల్టేజి నుంచి ఇంకో వోల్టేజికి రెండుసార్లు మార్చిన కరెంటు. దారిలో నష్టం తప్పదు. అయినా బల్బు వెలిగింది.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. నేను ఈ విషయం ఎంచుకున్నదే అందుకు.

1983, నేను తొమ్మిదో తరగతి. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను మన ఊరు వచ్చేది, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, గట్టి అట్టలు, రెండు మూడు రూపాయలు. అట్టలు పుస్తకాలకి, "సోవియట్ భూమి" కాగితాలు నోటు పుస్తకాల అట్టలకి. ఆ పుస్తకాలు చదివి చదివి నేనొక కవిత రాశాను. మా నాన్న తెల్లవారుజామున చేలోకి వెళ్లడం గురించి. మన తెలుగు మాస్టారు దాన్ని బడి గోడపత్రికలో పెట్టించారు. అక్కడితో ఆగకుండా ఒక పోటీకి పంపారు. ఏ పోటీ, ఎక్కడ అన్నది వదిలేద్దాం. అక్కడ న్యాయనిర్ణేత ఒకాయన అందరి ముందూ ఆ కాగితం ఎత్తి పట్టుకుని, "తొమ్మిదో తరగతి పిల్లాడు ఇలా రాయడు, ఎక్కణ్ణుంచో ఎత్తి రాశాడు" అన్నారు. హాలు నవ్వింది. అంత మంది ఒకేసారి నన్ను చూసి నవ్వడం అదే మొదలు, మళ్లీ అంత అవసరం రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాస్టారు నా పక్కన కూర్చున్నారు. "ఎత్తిరాత కాదని నాకు తెలుసు. కానీ నాన్న నడిచిన చేలో మోకాలి లోతు మంచు ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? మన చేలో మోకాలి లోతున ఉండేది బురద. మంచు తీసి బురద పెట్టు, మిగతాది నీదే" అన్నారు. నిజమే, మా వరి చేలో నేను రష్యా మంచు కురిపించాను. మాస్టారు చెప్పిన మాటలో నాకు ఆ రోజు సగమే వినబడింది. మంచు నాది కాదు అన్న సగం. మిగతాది నీదే అన్న సగం వినబడలేదు. కవిత మళ్లీ రాయలేదు. ఇంటర్లో ఎంపీసీ తీసుకున్నాను.

ముప్పై అయిదేళ్ల తరవాత ఒక హైడ్రోటెస్ట్ దగ్గర కూర్చుని అకాని అడిగాను: చోల్పాన్ టాగోర్ దగ్గర తీసుకున్నాడు కదా, ఎత్తిరాత అని ఎవరూ అనలేదా? అకాకి ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఆ రాత్రికి పాఠం ఆపేసి చోల్పాన్ రాసిన "సుందరి" కవిత ఒక్కటే చదివాడు. తన ప్రియురాలి అందం గురించి కవి చుక్కని అడుగుతాడు, చంద్రుణ్ణి అడుగుతాడు, తెల్లవారే గాలినీ సూర్యుణ్ణీ అడుగుతాడు. అందులో బెంగాలు పడవలు లేవు, తామర కొలనులు లేవు. ఫెర్గానా లోయ ఆకాశమే ఉంది. పాత గజల్ వాసన కూడా ఉంది. టాగోర్ దగ్గర ఆయన నేర్చుకున్నది, నాకు అర్థమైనంతలో, మెల్లగా మాట్లాడినా దూరం వినబడుతుందని. అది ఎత్తుకోవడానికి వీలైన వస్తువు కాదు.

తరవాతి కథ కష్టం. 1930లలో చోల్పాన్ సొంత కవిత్వానికి దారి మూసుకుపోయింది, పత్రికల్లో దాడులు మొదలయ్యాయి. అప్పుడాయన పుష్కిన్‌ని, గోర్కీని ఉజ్బెక్ చేశాడు. హామ్లెట్‌ని కూడా చేశాడు. ఎవరు ఎవరి మాట చాటునుంచి వింటున్నారో తెలియని ఒక రాజాస్థానం, అందులో మనసులో మాట బయటపెట్టలేని రాకుమారుడు. ఆ రోజుల తాష్కెంట్‌లో అది పరాయి దేశం కథలా అనిపించి ఉండదు. 1937లో చోల్పాన్‌ని అరెస్టు చేశారు, ఫిత్రత్‌ని కూడా. 1938 అక్టోబరు 4న ఇద్దరినీ, వాళ్లతోపాటు నవలాకారుడు అబ్దుల్లా ఖాదిరీని కాల్చి చంపారు. ముగ్గురూ ఒకే రోజు. ఒక భాషలో ఆధునిక సాహిత్యం మొదలుపెట్టినవాళ్లని ఒక్క రాత్రిలో తుడిచేస్తే ఎలా ఉంటుందో, మన సాహిత్యంలో ఎవరి పేర్లయినా ముగ్గురివి పెట్టుకుని ఊహించండి. నేను ఊహించాను, పేర్లు చెప్పను.

1950లలో వాళ్లు నిర్దోషులని కాగితం వచ్చింది గాని, చోల్పాన్ కవిత్వం స్వేచ్ఛగా బయటికి రావడానికి 1980ల చివరిదాకా ఆగాల్సొచ్చింది. ఈలోగా 1940లలో హామ్లెట్‌ని మఖ్‌సూద్ షేక్‌జాదా అనే ఇంకో కవి మళ్లీ అనువదించాడు. 1950ల మొదట్లో ఆయన్నీ అరెస్టు చేశారు. స్టాలిన్ పోయాక బయటికొచ్చాడు. హామ్లెట్‌ని ఉజ్బెక్‌లోకి తెచ్చిన ఈ ఇద్దరు కవులూ జైలు చూశారు.

తాష్కెంట్‌లో బోజ్‌సూ కాలువ గట్టు మీద ఆ కాలంలో చంపబడ్డవాళ్ల స్మారకం ఉంది. నీలం గుమ్మటం, చుట్టూ స్తంభాలు, పక్కనే మ్యూజియం. సెలవుకి ఇంటికొచ్చేటప్పుడు ఫ్లయిటు రాత్రికి ఉంటే పగలు అక్కడికెళ్లాను. కొత్త పెళ్లిజంటలు కాలువ గట్టున ఫొటోలు దిగుతున్నారు. నేను బూట్లు విప్పాలా వద్దా అని కాసేపు నిలబడి, విప్పకుండానే లోపలికెళ్లాను.

లిపి సంగతి కూడా చెప్పాలి. 1929 దాకా అరబీ లిపి. తరవాత లాటిన్. 1940 నుంచి సిరిలిక్. 1993లో మళ్లీ లాటిన్ అని చట్టం చేశారు. అకా వాళ్ల తాత రాసిన ఉత్తరం ఒకటి ఇంట్లో ఉంది, అకా చదవలేడు. అకా అలమరలో ఉన్న సిరిలిక్ పుస్తకాలు చదవమంటే మనవరాలు మొహం చిట్లిస్తుంది. అయిదు తరాలు ఒకే ఇంట్లో, ఒకే భాషలో, ఒకరి పుస్తకం ఇంకొకరికి అందక. మన పిల్లలకి తెలుగు చదవడం రావట్లేదని మనం ఏడుస్తాం. అక్కడ పిల్లలకి చదవడం వచ్చు, చదవాల్సిన అక్షరాలే మారిపోయాయి.

మయకోవ్‌స్కీ ప్రభావం గురించి త్వరగా దాటేస్తాను. మెట్లు మెట్లుగా విరిచిన పాదాలు, ట్రాక్టర్లు, పత్తి ప్రణాళికలు, చాలావరకు మా వరి చేలో మంచులాంటివే. ఆ బడిలోంచే వచ్చిన గఫూర్ గులామ్ మాత్రం 1942లో, యుద్ధంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని రైళ్లలో తాష్కెంట్ చేరిన పిల్లల గురించి "నువ్వు అనాథవి కాదు" అని ఒక కవిత రాశాడు. అది మంచు కాదు.

ఎదురు దిక్కున జరిగింది కూడా ఒకటుంది. 1941 డిసెంబరు, లెనిన్‌గ్రాడ్ నగరం జర్మన్ల ముట్టడిలో ఉంది, జనం ఆకలితో చచ్చిపోతున్నారు. ఆ నెలలో హెర్మిటేజ్ మ్యూజియంలో నవాయీ 500వ జయంతి సభ జరిగింది. నికొలాయ్ లెబెదెవ్ అనే పరిశోధకుడు తాను చేసిన నవాయీ అనువాదాలు చదివాడు. తిండిలేక నీరసించిపోయి ఉన్నాడు, కొన్నాళ్లకే పోయాడు. ఈ సంగతి అకా చెప్పినప్పుడు మేమిద్దరం క్యాంటీన్లో పులావ్ తింటున్నాం. ఇద్దరం ప్లేట్లు పూర్తిగా ఖాళీ చేశాం, ఒక్క మెతుకు వదలకుండా.

1960లలో వచ్చిన తరం నాకు చాలా ఇష్టం. ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి: ఎర్కిన్ వాహిదోవ్, అబ్దుల్లా ఆరిపోవ్. ఆరిపోవ్ 1992లో వాళ్ల జాతీయగీతం రాశాడు. ఇద్దరూ 2016లోనే పోయారు. ఆరిపోవ్ పోయింది మనవాళ్లు ఇంటింటా ఉండే హ్యూస్టన్‌లో.

ఆరిపోవ్ పుట్టిన ఊరు నెకూజ్, మా ప్లాంటు వైపుదే. ఒక ఆదివారం అకా తన పాత కారులో తీసుకెళ్లాడు. కాలువ పక్కన మల్బరీ చెట్లు, మట్టి గోడలు, దుమ్ము. చూడాల్సిన వింత ఏమీ లేదు, ఎవరో లోపలికి పిలిచి రొట్టె, టీ పెట్టారు. ఈ పత్తి చేల ఊరివాడు దాంతే రాసిన ఇటలీ నరకాన్ని రష్యన్ మీదుగా ఉజ్బెక్ చేశాడు. ఆ తరవాత "స్వర్గానికి దారి" అని తన సొంత నాటకం రాశాడు. చనిపోయిన ఒక యువకవి పరలోకంలో త్రాసు ముందు నిలబడి పుణ్యపాపాల లెక్క తేల్చుకుంటాడు. దాంతే లేకపోతే ఆ నాటకం లేదు, అది అందరూ ఒప్పుకుంటారు. కానీ ఆ త్రాసు దాంతేది కాదు, ఆ ఊరి ముసలమ్మలు పిల్లలకి చెప్పే త్రాసు. మన మాస్టారి భాషలో, అది బురద.

వాహిదోవ్ గేటే "ఫౌస్ట్"ని అనువదించాడు, యెసేనిన్‌ని అనువదించాడు. అదే చేత్తో అరూజ్‌లో గజళ్లు రాశాడు, పాతకాలపు వాసన అని కొందరు వెక్కిరించినా మానలేదు. ప్రపంచ సాహిత్యం చదివితే సొంత ఛందస్సు పోతుందని భయపడేవాళ్లకి నేను ఈయన పేరు చెబుతాను. ఈ తరంలోనే రవూఫ్ పర్ఫీ బైరన్‌నీ, టర్కీ కవి నాజిమ్ హిక్మత్‌నీ తెచ్చాడు. కొంచెం చిన్నవాడు షౌకత్ రహ్మాన్, రష్యన్ మీదుగా రావడం చాలదనుకుని, స్పానిష్ నేర్చుకుని లోర్కాని తెచ్చాడు. కవయిత్రి జుల్ఫియా మన దేశం వచ్చి వెళ్లి "ముషాయిరా" అనే కవిత రాసింది. ఇంకా చాలామంది ఉన్నారు, సాంబారు వాసన వస్తోంది.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. 1970ల చివర్లో వాహిదోవ్ ఒక దీర్ఘకావ్యం రాశాడు, "ఆత్మల తిరుగుబాటు". నాయకుడు ఎవరనుకున్నారు? బెంగాలీ కవి నజ్రుల్ ఇస్లామ్. 1922లో "బిద్రోహి" కవితతో పేరు మోగి, మరుసటి ఏడు ఇంగ్లీషువాళ్ల జైల్లో నిరాహారదీక్ష చేసిన నజ్రుల్. జైల్లో ఉన్న ఆయనకి టాగోర్ తన నాటకం ఒకటి అంకితమిచ్చాడు. 1942లో నజ్రుల్‌కి మాట పడిపోయింది. 1976లో పోయేదాకా, ముప్పై నాలుగేళ్లు, తిరుగుబాటు కవి మౌనంగా కూర్చున్నాడు. అటువంటివాడి మీద, చోల్పాన్ పుస్తకాలు ఇంకా బయటికి రాని రోజుల్లో, తాష్కెంట్‌లో ఒక ఉజ్బెక్ కవి కావ్యం రాశాడు.  ఇంగ్లీషువాడి జైలు గురించి రాస్తే సెన్సారువాడు ఏమంటాడు? ఫిత్రత్ బుఖారాకి పంపిన హిందుస్తానీ యాత్రికుడు డెబ్భై ఏళ్లకి ఇంకో వేషంలో మళ్లీ వచ్చాడనిపించింది నాకు. అకాతో ఆ మాటే అంటే, ఆయన గేజి చూస్తూ, "మా కవులకి నోరు నొక్కినప్పుడల్లా మీ నోరు అప్పు తీసుకున్నారు" అన్నాడు. "మరి తిరిగిచ్చారా?" అన్నాను. "నువ్వొచ్చావుగా తీసుకోవడానికి" అన్నాడు.

2019 చివర్లో ఇంటికొచ్చేశాను. అకా ఇచ్చిన చోల్పాన్ పుస్తకం నా దగ్గరుంది. ఆ "సుందరి" కవితని తెలుగు చెయ్యడానికి నాలుగేళ్ల నించి కుస్తీ పడుతున్నాను. మొదట ఆటవెలదిలో ప్రయత్నించి చెడగొట్టాను. ఇప్పుడు వచనంలో ఒక రూపానికి వచ్చింది. మూడో చరణంలో గాలి మాట్లాడే చోట ఇంకా కుదరలేదు. పొద్దున్న టీల దగ్గర మాస్టారికి నమస్కారం పెట్టి, 1983లో బస్సులో అన్న మాట గుర్తుందా అని అడిగాను. గుర్తు లేదన్నారు. ఆ కవిత గుర్తుందా అన్నాను. అదీ లేదు. "నువ్వు పదాలు మింగి చదివేవాడివి, అది గుర్తుంది" అన్నారు. జేబులోంచి ఈ అనువాదం కాగితం తీసి చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని అప్పుడే మొదటి చరణంలో ఒక మాట కింద గీత గీశారు. ముందు వరసలో ఇంకా అదే చూస్తున్నారు, నా ప్రసంగం విన్నారో లేదో నాకు నమ్మకం లేదు.

కార్యదర్శి చెయ్యి ఊపుతున్నాడు. విస్తళ్లు వేశారట.